సగం సభ లేచి చప్పట్లు, సగం సభ మౌనం: అమెరికా రాజకీయాల్లో సంతోషం

బెజవాడ_శీను
అందరికీ నమస్కారం. అమెరికా అధ్యక్షుడు ఏటా వాళ్ల పార్లమెంటు (కాంగ్రెస్) ముందు చేసే స్టేట్ ఆఫ్ ది యూనియన్ ప్రసంగాలు పాతవి ఈ వారం యూట్యూబ్‌లో వరసగా చూశాను. అధ్యక్షుడు ఒక మాట అనగానే హాల్లో ఒక పక్కవాళ్లంతా లేచి చప్పట్లు కొడుతున్నారు, రెండో పక్కవాళ్లు చేతులు కట్టుకుని కూర్చుంటున్నారు. ఏ సైనికుడి గురించో, జబ్బు నుంచి బయటపడ్డ పిల్లాడి గురించో చెబితే మాత్రం అందరూ లేస్తున్నారు. ముందు వరసలో నల్ల గౌన్ల వాళ్లు, యూనిఫారాల వాళ్లు దేనికీ కదలరు. మన అసెంబ్లీలో బల్లలు చరుస్తారు, అది తెలుసు. ఇక్కడ ఇదంతా ముందే అనుకుని చేస్తారా? నాకైతే అమెరికా రాజకీయాల్లో సంతోషం మొత్తం డ్రామాలా కనిపిస్తోంది. తెలిసినవాళ్లు చెప్పండి.

ఫ్రిస్కో_పద్మజ
శీను గారూ, నల్ల గౌన్ల వాళ్లు సుప్రీంకోర్టు న్యాయమూర్తులు, యూనిఫారాల వాళ్లు సైనిక దళాల అధిపతులు. అధ్యక్షుడు లోపలికి వచ్చేటప్పుడు అందరితో పాటు లేస్తారు. తర్వాత ఏ పార్టీ విధానానికీ చప్పట్లు కొట్టకూడదన్నది వాళ్ల పద్ధతి. సైనికుల మాట వచ్చినప్పుడు జనరల్స్ లేస్తారు, పన్నుల మాట వస్తే ఎదురుగా గోడ చూస్తారు.

మిగతావాళ్లకు ఎప్పుడు లేవాలో ఎవరూ చీటీ రాసి ఇవ్వరు. ఇవ్వక్కర్లేదు కూడా. ఎవరి పార్టీ అధ్యక్షుడో వాళ్లు లేస్తారు. కెమెరా తన మీద ఉందేమో అన్న టెన్షన్ ప్రతి సభ్యుడికీ ఉంటుంది.

అసలు ఈ ప్రసంగం ఇలా ఉండేది కాదు. 1801లో జెఫర్సన్ రాసి పంపే పద్ధతి పెట్టాడు, వందేళ్లకు పైగా గుమస్తా చదివి వినిపించేవాడు. 1913లో విల్సన్ మళ్లీ స్వయంగా వచ్చి చదివాడు. 1947లో ట్రూమన్ ప్రసంగం మొదటిసారి టీవీలో వచ్చింది. జనం ఇళ్లలో ఉండే వేళ అని 1965లో జాన్సన్ దాన్ని రాత్రికి మార్చాడు. ఇక 1982లో రీగన్ గ్యాలరీలో ఒక అతిథిని కూర్చోబెట్టాడు. పొటోమాక్ నదిలో విమానం కూలినప్పుడు గడ్డకట్టే నీళ్లలోకి దూకి ఒకామెను కాపాడిన ప్రభుత్వ ఉద్యోగి లెనీ స్కట్నిక్. రెండు పార్టీలూ లేచి నిలబడ్డాయి. అప్పటినుంచి ప్రతి అధ్యక్షుడూ అతిథులను తెస్తున్నాడు. వాళ్లను విలేకరులు ఇప్పటికీ 'స్కట్నిక్‌లు' అనే అంటారు.

ఎడిసన్_కిశోర్
మొత్తం డ్రామా అంటే ఒప్పుకోను. 2019 ఫిబ్రవరి ప్రసంగం చూడండి. డెమొక్రాట్ మహిళా సభ్యులంతా తెల్ల బట్టల్లో వచ్చారు. ఓటు హక్కు కోసం పోరాడిన వాళ్ల రంగు అది. కొత్తగా వచ్చిన ఉద్యోగాల్లో 58 శాతం మహిళలకే దక్కాయని ట్రంప్ అన్నాడు. అంతే, ఆ తెల్ల బట్టల వాళ్లు ఒకరినొకరు చూసుకుని నవ్వుకుంటూ లేచారు. కొత్త ఉద్యోగాలు మాకే, అంటే ఈ సభలో సీట్లు కూడా అన్నట్టు ఒకరినొకరు వేలెత్తి చూపించుకున్నారు. ట్రంప్ కూడా నవ్వేసి 'మీరు ఇలా చేయకూడదు కదా' అన్నాడు. ఇంకో వాక్యం ఉంది, కూర్చోవద్దని చెప్పి, కాంగ్రెస్‌లో ఎప్పుడూ లేనంత మంది మహిళలు ఇప్పుడున్నారన్నాడు. సభంతా ఒకటే కేకలు. ఆ రెండు నిమిషాలు ఎవరూ రాసిపెట్టింది కాదు.

బెజవాడ_శీను
రెండు నిమిషాలు నిజం, మిగతా గంటన్నర?

ఓరుగల్లు_రాజు
శీనన్నా, మరుసటి ఏడాది స్పీకర్ నాన్సీ పెలోసీ అదే మనిషి ప్రసంగం కాగితాలు ఆయన వెనకాలే నిలబడి చింపింది. అది కూడా ఒక రకం సంతోషమే అనుకో.

డ్రామా కావాలంటే అధ్యక్ష పదవికి అభ్యర్థిని నిలబెట్టే పార్టీ మహాసభలు చూడాలె, దాన్నే అక్కడ నామినేషన్ అంటరు. పైకప్పుకు వలలో బెలూన్లు కట్టి అభ్యర్థి మాట ముగియగానే వదులుతరు. 2004లో బోస్టన్‌లో జాన్ కెర్రీ ప్రసంగం అయిపోయింది, బెలూన్లు సరిగ్గ పడలే. డైరెక్టర్ 'బెలూన్లు, బెలూన్లు' అని మొత్తుకోవడం, చివరికి ఒక బూతు కూడా, సీఎన్ఎన్‌లో లైవ్‌గ పోయింది. దేశం మొత్తం విన్నది. 2016లో ఫిలడెల్ఫియాలో మాత్రం బెలూన్లు బాగానే పడ్డయి, బిల్ క్లింటన్ తన భార్య హిల్లరీ నామినేషన్ సంగతి మరిచిపోయి చిన్నపిల్లగాడి లెక్క వాటితో ఆడుకున్నడు. ఆ మొహం చూస్తే డ్రామా అనబుద్ధి కాదు.

పాత_కాగితాలు
శీను గారి అనుమానానికి గట్టి సాక్ష్యం 1972 నాటిది. మయామీ బీచ్‌లో రిపబ్లికన్ మహాసభ, అధ్యక్షుడు నిక్సనే మళ్లీ అభ్యర్థి. సభ ఎలా నడవాలో నిమిషం నిమిషానికి రాసుకున్న కాగితాల కట్ట బీబీసీ విలేకరుల చేతికి చిక్కింది. ఎవరు ఎప్పుడు వేదిక మీదికి రావాలి, ఎక్కడ ఆగాలి అన్నవే కాదు, జనం 'తమంతట తాము' లేచి కేకలు వేయాల్సింది ఎన్ని గంటలకో కూడా అందులో ఉంది. అప్పట్లో పెద్ద నవ్వులాట అయింది.

అంతకు ముందు కూడా ఈ జయజయధ్వానాలు కొంత ఏర్పాటు మీదే నడిచేవి. 1924లో న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో జరిగిన డెమొక్రాట్ల మహాసభలో అల్ స్మిత్ పేరును ఫ్రాంక్లిన్ రూజ్వెల్ట్ ప్రతిపాదించాడు. పోలియో వచ్చాక ఊతకర్రల మీద వేదిక దాకా నడిచివచ్చి, స్మిత్‌ను 'సంతోషాల యోధుడు' అన్నాడు. వర్డ్స్‌వర్త్ పద్యంలోంచి తీసుకున్న మాట అది. గంటకు పైగా బ్యాండ్లు, ఊరేగింపులు, సైరన్లు ఆగలేదట. అంత సంబరం చేసి ఏం లాభం, 103 సార్లు ఓటింగ్ జరిగాక నామినేషన్ ఇంకొకరికి పోయింది.

ఆ రూజ్వెల్టే 1932లో షికాగో మహాసభలో అభ్యర్థి అయ్యాడు. దేశంలో దాదాపు నలుగురిలో ఒకరికి పని లేదు. ఆ సమయంలో అతని మనుషులు హాల్లో వాయించిన పాట 'హ్యాపీ డేస్ ఆర్ హియర్ అగైన్', మంచి రోజులు మళ్లీ వచ్చాయని. మొదట వేరే పాట అనుకున్నారు, అది మరీ నీరసంగా ఉందని అప్పటికప్పుడు మార్చారు. తర్వాత దశాబ్దాల పాటు డెమొక్రాట్ల సభల్లో అదే మోగింది. రొట్టె కోసం క్యూ కట్టిన రోజుల్లో ఆ పాట అబద్ధమే. జనం మాత్రం దాన్ని అబద్ధంలా వినలేదు, హామీలా విన్నారు. రీగన్ 1984 ప్రకటనలు కూడా ఆ దారిలోవే. 'అమెరికాలో మళ్లీ తెల్లవారింది' అంటూ పెళ్లిళ్లు, కొత్త ఇళ్లు, జెండాలు. 50 రాష్ట్రాల్లో 49 గెలిచాడు.

ఫ్రిస్కో_పద్మజ
మాస్టారూ, రీగన్‌కు పనిచేసింది అందరికీ పనిచేయలేదు. 1968లో ఉపాధ్యక్షుడు హ్యూబర్ట్ హంఫ్రీ వాషింగ్టన్‌లో తన అభ్యర్థిత్వం ప్రకటిస్తూ 'ఆనందపు రాజకీయాలు' అన్నాడు. తేదీ చూడండి, ఏప్రిల్ 27. మార్టిన్ లూథర్ కింగ్‌ను చంపి మూడు వారాలు. అదే వాషింగ్టన్‌లో కాలిన దుకాణాలు ఇంకా అలాగే ఉన్నాయి. వియత్నాంలో యుద్ధం. జూన్‌లో రాబర్ట్ కెనెడీని కూడా చంపేశారు. ఆగస్టులో షికాగోలో లోపల హంఫ్రీకి నామినేషన్, బయట పోలీసులు కుర్రాళ్లను లాఠీలతో కొడుతున్నారు. హంఫ్రీ నిజంగానే నవ్వుముఖం మనిషి, అతన్ని కూడా 'సంతోషాల యోధుడు' అనేవారు. ఆ ఏడాది ఆ ముఖం జనానికి నచ్చలేదు. నిక్సన్ చేతిలో ఒక్క శాతం కన్నా తక్కువ ఓట్ల తేడాతో ఓడాడు.

2024లో కూడా ఇదే మాట తిరిగి వచ్చింది. ఫిలడెల్ఫియాలో ఉపాధ్యక్ష అభ్యర్థి టిమ్ వాల్జ్ కమలా హారిస్ వైపు తిరిగి 'ఆనందాన్ని వెనక్కి తెచ్చినందుకు థాంక్స్' అన్నాడు. నెలరోజులు వార్తల్లో అదే. ఆమె నవ్వును ట్రంప్ వెక్కిరించాడు, 'నవ్వుల కమల' అన్నాడు. ఆమె మద్దతుదారులు అదే నవ్వును టీషర్టులకెక్కించారు. గుడ్ల ధర, ఇంటి అద్దె గురించి ఆలోచిస్తున్నవాళ్లకు ఆ ఆనందం ఎక్కలేదని నా అభిప్రాయం.

ఎడిసన్_కిశోర్
పద్మజ గారితో ఇక్కడ ఏకీభవిస్తాను. ఆనందం మాట కమల వైపువాళ్లు వాడారు కానీ సరదా ట్రంప్ సభల్లోనే ఎక్కువ ఉండేది. ఒకదానికి నేనూ వెళ్లాను. పొద్దున్నుంచి క్యూ, చలి, తినడానికి హాట్‌డాగులు, తెలియనివాళ్లతో కబుర్లు. టీవీలో చూస్తే కోపం మాత్రమే కనిపిస్తుంది, అక్కడ నిలబడితే తిరునాళ్లలా ఉంటుంది. చివర్లో పాట పెట్టి ఆయన పిడికిళ్లు అటూ ఇటూ ఊపుతూ డాన్స్ చేస్తాడు చూడండి, నవంబర్‌లో గెలిచాక అది ఆటగాళ్లకు పాకింది. మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో ఫైట్ గెలిచి జాన్ జోన్స్ ఆయన ముందే ఆ స్టెప్ వేశాడు. రెండు రోజులకు జమైకా మీద గోల్ కొట్టి అమెరికా ఫుట్‌బాల్ ఆటగాడు పులిసిక్ కూడా.

నిర్వాహకుడు
చర్చ బాగుంది. 2024 ఎన్నికల్లో ఎవరు మంచివాళ్లో తేల్చడానికి వేరే విభాగం ఉంది, ఇక్కడ వద్దు. నిన్న రాత్రి నుంచి రెండు వ్యాఖ్యలు తీసేశాను.

తణుకు_కుర్రాడు
నిర్వాహకుడు గారూ, ఇది ఎవరినీ తిట్టేది కాదు, మా ఊరి ముచ్చట. ఉషా వాన్స్ పూర్వీకులది మా పక్కనే వడ్లూరు. ఆ నవంబర్‌లో టీవీల వాళ్లంతా అక్కడే. ఊళ్లో వాళ్ల సంబరం చూసి ఒకాయన అడిగాడు, 'ట్రంప్ గెలిస్తే మీకేం వస్తుంది' అని. 'మా అమ్మాయి భర్త ఉపాధ్యక్షుడు, ఇంకేం రావాలి' అంది ఒక పెద్దావిడ. కమలా హారిస్ తాతగారి ఊరు తమిళనాడులో తులసేంద్రపురం. 2021లో ఆమె ప్రమాణం చేసిన రోజు వాళ్లూ టపాసులు కాల్చారు. పార్టీతో పనేముంది!

నీలవేణి_మేరీల్యాండ్
ఆలస్యంగా చేరుతున్నాను. శీను గారు అడిగిన అసలు ప్రశ్నకు వస్తాను. చట్టసభలో నిజమైన సంతోషం ఎప్పుడైనా కనిపించిందా అంటే, కెమెరాలు లేని ఒక రోజు చెప్తాను. 1865 జనవరి 31, మంగళవారం. బానిసత్వాన్ని రద్దుచేసే 13వ సవరణ మీద ప్రతినిధుల సభలో ఓటింగ్. ముందు ఏడాది జూన్‌లో ఇదే సవరణ ఇదే సభలో ఓడిపోయింది. మూడింట రెండు వంతులు కావాలి, దొరుకుతాయో లేదో లింకన్‌కే తెలియదు. గ్యాలరీలు కిక్కిరిసి ఉన్నాయి. ఆ గ్యాలరీల్లో నల్లవాళ్లూ ఉన్నారు. కొంతకాలం ముందు వరకు వాళ్లకు అక్కడ ప్రవేశమే లేదు.

పేర్లు పిలుస్తుంటే డెమొక్రాట్లలో కొందరు 'అవును' అన్నారు. ఒక్కొక్కరు అలా అన్నప్పుడల్లా గ్యాలరీలో కలకలం. ఆఖరికి 119, వ్యతిరేకం 56. కావలసినదానికన్నా రెండే ఎక్కువ. స్పీకర్ కోల్‌ఫాక్స్ ఫలితం చదవగానే ఏం జరిగిందో సభ అధికారిక నివేదికలోనే ఉంది. రిపబ్లికన్ సభ్యులు నియమాలు పక్కనపెట్టి లేచి కేకలు వేశారు. పైన మగవాళ్లు టోపీలు ఊపారు, వందలాది మహిళలు రుమాళ్లు ఊపారు. కొన్ని నిమిషాలు ఎవరూ ఆపలేకపోయారు. సభలో ఏడ్చినవాళ్లు, ఒకరినొకరు కావలించుకున్నవాళ్లు ఉన్నారని చూసినవాళ్లు రాశారు. అప్పుడు ఇలినాయ్ సభ్యుడు ఇంగర్సాల్ లేచి, ఈ మహత్తర ఘటన గౌరవార్థం సభ వాయిదా వేద్దామన్నాడు. ఒక చట్టసభ సంతోషం పట్టలేక ఆ రోజుకు పని మానేసింది! బయట కాపిటల్ కొండ మీద వంద ఫిరంగులు పేల్చారు. బానిసత్వం నుంచి తప్పించుకుని దాని మీద పోరాడిన నాయకుడు ఫ్రెడరిక్ డగ్లస్. ఆయన కొడుకు చార్లెస్ ఆ సంబరాల గురించి తండ్రికి ఉత్తరం రాశాడు, అంత ఆనందం తానెప్పుడూ చూడలేదని, ఒకరినొకరు కావలించుకున్నది తెల్లవాళ్లేనని.

దీన్ని ఎవరు రిహార్సల్ చేశారు శీను గారూ?

బెజవాడ_శీను
నీలవేణి గారూ, ఇది నాకు తెలియదు. చదువుతుంటే ఒళ్లు గగుర్పొడిచింది. కానీ ఒకటి అడుగుతాను. వ్యతిరేకంగా ఓటేసిన 56 మంది కూర్చునే ఉన్నారు కదా? అంటే సగం సభ లేవడం, సగం కూర్చోవడం అప్పటినుంచే ఉంది.

పాత_కాగితాలు
కూర్చునే ఉన్నారు. అయితే ఆ రోజు లేచినవాళ్లు కెమెరా కోసమో, అధ్యక్షుడి కోసమో లేవలేదు, ఆయన అక్కడ లేనే లేడు. తేడా అక్కడుంది.

దానికి రెండేళ్ల ముందు ఇంకో రాత్రి కూడా చెప్పాలి. 1863 జనవరి 1. తిరుగుబాటు రాష్ట్రాల్లోని బానిసలకు విడుదల అని చెప్పే విమోచన ప్రకటన మీద ఆ రోజు లింకన్ సంతకం పెట్టాలి. బోస్టన్ ట్రెమాంట్ టెంపుల్‌లో మూడు వేల మంది పొద్దున్నుంచి కూర్చున్నారు, టెలిగ్రాఫ్ ఆఫీసు నుంచి హాలు దాకా మనుషులను వరసగా నిలబెట్టారు. రాత్రి ఎనిమిదైంది, తొమ్మిదైంది, కబురు లేదు. ఫ్రెడరిక్ డగ్లస్ వేదిక మీద ఉన్నాడు, తనకే నమ్మకం సడలుతోంది. చివరికి ఒకడు జనాన్ని తోసుకుంటూ వచ్చి 'తీగల మీద వస్తోంది' అని అరిచాడు. తర్వాత జరిగింది మాటల్లో పెట్టడం కష్టమని డగ్లసే రాసుకున్నాడు. కేకలు, ఏడుపులు, పాటలు. అర్ధరాత్రికి హాలు ఖాళీ చేయాల్సి వస్తే దగ్గర్లో చర్చికి పోయి తెల్లవారుజాము దాకా కొనసాగించారు.

నీలవేణి_మేరీల్యాండ్
టెక్సాస్‌కు ఆ కబురు చేరేసరికి 1865 జూన్ 19. పద్మజ గారికి జూన్‌టీన్త్ గురించి నాకన్నా బాగా తెలుసు.

ఫ్రిస్కో_పద్మజ
గాల్వెస్టన్ రేవులో జనరల్ గ్రేంజర్ ఉత్తర్వు వినిపించాడు. విమోచన ప్రకటన వచ్చి రెండున్నరేళ్లయింది, ఇక్కడి బానిసలకు విడుదల ఆ రోజే. ఏడాది తిరిగేసరికి వాళ్లు పండగ చేసుకున్నారు. పార్కుల్లోకి రానివ్వకపోతే హ్యూస్టన్‌లో చందాలేసుకుని పదెకరాల స్థలం కొనుక్కున్నారు, అదే ఇప్పటి ఎమాన్సిపేషన్ పార్క్. ఎర్ర సోడా, పుచ్చకాయ, బార్బెక్యూ, ఎర్రగా ఉన్నవి తప్పనిసరి. టెక్సాస్ 1980 నుంచి సెలవు ఇస్తోంది, దేశం మొత్తానికి 2021లో వచ్చింది. ఫోర్ట్‌వర్త్‌కు చెందిన ఓపల్ లీ దానికోసం ఏళ్ల తరబడి నడిచింది, సెలవు వచ్చేనాటికి ఆమెకు 94. సంతకం రోజు వైట్‌హౌస్‌లో బైడెన్ వేదిక దిగి ఆమె ముందు మోకాలు వంచాడు. మా ఆఫీసులో ఇప్పటికీ సగం మందికి అది లాంగ్ వీకెండ్ మాత్రమే, అది వేరే సంగతి.

ఓరుగల్లు_రాజు
సంతోషం ఎక్కువైతే కూడా కష్టమే. 2004లో డెమొక్రాట్ల నామినేషన్ కోసం పోటీపడ్డ హోవర్డ్ డీన్ అయోవాలో అరిచిన అరుపుతో ఎన్నికే పోయింది కదా.

ఎడిసన్_కిశోర్
రాజు గారూ, ఆ రాత్రి డీన్ అప్పటికే మూడో స్థానంలో ఉన్నాడు. అరుపు తర్వాతది. ఓడినా తన కుర్రాళ్లు నీరసపడకూడదని రాష్ట్రాల పేర్లు ఒక్కొక్కటీ చెబుతూ చివర్లో 'యా' అని అరిచాడు. హాల్లో ఉన్నవాళ్లకు అది వినిపించనే లేదు, అంత గోల. కానీ అతని చేతిలోది చుట్టుపక్కల శబ్దాన్ని తీసేసే మైకు. టీవీకి అతని గొంతు ఒక్కటే వెళ్లింది. నిశ్శబ్దంలో ఒక మనిషి పిచ్చిగా అరిచినట్టు కనిపించింది. వారం రోజుల పాటు చానళ్లు దాన్నే తిప్పి తిప్పి వేశాయి. తర్వాత గెలిచింది సొంత రాష్ట్రం వెర్మాంట్ ఒక్కటే.

ఓరుగల్లు_రాజు
పాపం డీన్ గొంతు ఎక్కువై పోయిండు, జెబ్ బుష్ చప్పట్లు తక్కువై పోయిండు. 2016లో న్యూహాంప్‌షైర్‌లో గట్టి మాట ఏదో చెప్పి ఆగిండు, ఎవరూ కదలలే. 'ప్లీజ్, చప్పట్లు కొట్టండి' అన్నడు. అప్పుడు నవ్వి కొట్టిన్రు. తండ్రి అధ్యక్షుడు, అన్న అధ్యక్షుడు, తమ్ముడు చప్పట్లు అడుక్కున్నడు!

నీలవేణి_మేరీల్యాండ్
ఎవరి సంతోషాన్ని ఎలా చూస్తారన్నది మనిషిని బట్టి కూడా మారుతుంది. 2008 జూన్‌లో సెయింట్ పాల్‌లో ఒబామా నామినేషన్ ఖాయమైన రాత్రి మిషెల్ ఆయన పిడికిలికి పిడికిలి తాకించింది. ప్రతి బాస్కెట్‌బాల్ కోర్టులో పిల్లలు చేసేదే. ఒక టీవీ యాంకర్ అది తీవ్రవాదుల సైగేమో అని అడిగింది. నవంబర్ 4న షికాగో గ్రాంట్ పార్క్‌లో రెండు లక్షలకు పైగా జనం, పౌరహక్కుల నాయకుడు జెస్సీ జాక్సన్ నోటికి వేలు అడ్డంపెట్టుకుని ఏడుస్తున్నాడు. కింగ్‌ను కాల్చినప్పుడు అదే మోటల్‌లో ఉన్న మనిషి. ఆ కన్నీళ్లను మాత్రం ఎవరూ ప్రశ్నించలేదు.

పాత_కాగితాలు
పట్టలేని సంతోషం గురించి ఒక పాత కథ, అందరూ చెప్పుకునేదే. 1829 మార్చి 4న ఆండ్రూ జాక్సన్ ప్రమాణం. సామాన్యుల అధ్యక్షుడు కాబట్టి వైట్‌హౌస్ తలుపులు అందరికీ తెరిచారు. బురద బూట్లతో కుర్చీలెక్కి చూశారు, గాజు గ్లాసులు, పింగాణీ పగిలాయి, జనాన్ని బయటికి రప్పించడానికి పంచ్ తొట్లను పచ్చిక మీదికి మార్చాల్సి వచ్చింది. జాక్సన్ జనం ఒత్తిడి నుంచి తప్పించుకుని హోటల్‌కు వెళ్లిపోయాడు. పెద్దింటివాళ్లు రాసిన ఉత్తరాల్లో కొంత అతిశయోక్తి ఉండొచ్చు. నాకు గుర్తుండేది వేరే విషయం. ఆయన భార్య రేచల్ చనిపోయి రెండున్నర నెలలే అయింది. నల్లబట్టలు కట్టుకున్న మనిషి చుట్టూ ఆ తిరునాళ్లు.

ఎనిమిదేళ్ల తర్వాత దిగిపోతూ కూడా తలుపులు తెరిచాడు. న్యూయార్క్ పాలవ్యాపారి ఒకాయన పంపిన 1,400 పౌండ్ల చీజ్‌ను 1837 ఫిబ్రవరి 22న జనానికి వదిలాడు. రెండు గంటల్లో ఖాళీ. వాసన మాత్రం కొత్త అధ్యక్షుడు వాన్ బ్యూరెన్‌కు మిగిలింది.

బెజవాడ_శీను
చీజ్ గురించి నవ్వుకున్నాను. సరే, చప్పట్లన్నీ డ్రామా కాదని ఒప్పుకుంటాను. ఇంకో ప్రశ్న. ఓటింగ్‌లో గెలిచినప్పుడు ఎదుటివాళ్ల ముందు పండగ చేసుకోవడం అక్కడ మర్యాదేనా?

ఫ్రిస్కో_పద్మజ
ఇది ఈ చర్చలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ప్రశ్న. చేసుకుంటారు, తర్వాత దానికి లెక్క కడతారు కూడా.

1993 ఆగస్టులో క్లింటన్ బడ్జెట్ 218-216తో నెగ్గింది. పెన్సిల్వేనియా నుంచి మొదటిసారి గెలిచిన మార్జొరీ మార్గొలీస్ మెజ్విన్‌స్కీ వ్యతిరేకిస్తానని ఓటర్లకు చెప్పి, చివరి నిమిషంలో అధ్యక్షుడి కోసం అనుకూలంగా వేసింది. రిపబ్లికన్లు చేతులూపుతూ 'బై బై మార్జొరీ' అని పాడారు. మరుసటి ఏడాది నిజంగానే ఓడిపోయింది. తర్వాత ఆమె కొడుకే క్లింటన్ల అల్లుడయ్యాడు, అది వేరే కథ.

2017 మే 4న ఇదే సీన్ తిరగబడింది. ఒబామా ఆరోగ్య చట్టాన్ని తీసేసే బిల్లు 217-213తో దిగువసభ దాటింది. ఓటింగ్ ముగుస్తుండగా ఈసారి డెమొక్రాట్లు స్టేడియంలో ఓడిన జట్టును సాగనంపే పాట అందుకున్నారు, మీ సీట్లు పోతాయని. రిపబ్లికన్లు బస్సులెక్కి వైట్‌హౌస్ గులాబీ తోటలో విజయోత్సవం చేసుకున్నారు. బిల్లు ఇంకా సెనేట్‌కే వెళ్లలేదు! జూలై 28 తెల్లవారుజామున సెనేట్‌లో రిపబ్లికనే అయిన జాన్ మెకెయిన్ చెయ్యి చాచి బొటనవేలు కిందికి దించాడు. 49-51, అయిపోయింది. మరుసటి ఏడాది దిగువసభలో రిపబ్లికన్లకు నలభై సీట్ల వరకు పోయాయి.

ఆ తెల్లవారుజాము వీడియో ఒకసారి చూడండి. మెకెయిన్ వేలు దించగానే డెమొక్రాట్ల వైపు చప్పట్లు మొదలయ్యాయి. వాళ్ల నాయకుడు షూమర్ వెంటనే చెయ్యి ఊపి ఆపమన్నాడు. రెండేళ్ల తర్వాత పెలోసీ కూడా అదే చేసింది. 2019 డిసెంబర్ 18న ట్రంప్ అభిశంసన మొదటి ఆరోపణ ఓటింగ్ ఫలితం ఆమె చదవగానే తన పక్కవాళ్లు సంబరపడబోయారు. నల్ల దుస్తుల్లో వచ్చిన ఆమె చేతిలో కాగితంతో చిన్న సైగ, ఒక చూపు. అంతే, నోళ్లు మూసుకున్నారు. గెలిచిన రోజు తన వాళ్ల సంతోషాన్ని ఎప్పుడు ఆపాలో తెలిసిన నాయకుడే నా దృష్టిలో గట్టి నాయకుడు.

ఎడిసన్_కిశోర్
అది కూడా కెమెరా కోసమే అంటాను నేను. సంతోషం లేనట్టు కనిపించడం ఆ రోజు వాళ్లకు అవసరం. శీను గారి డ్రామా మాట ఇక్కడ సరిపోతుంది.

ఫ్రిస్కో_పద్మజ
కావచ్చు కిశోర్ గారూ. అయినా ఆ డ్రామానే నాకు గులాబీ తోట కన్నా నచ్చింది.

నీలవేణి_మేరీల్యాండ్
వీధిలోది ఎవరూ ఆపలేరు. 2020 నవంబర్ 7 శనివారం పొద్దున పదకొండున్నర ప్రాంతంలో బైడెన్ గెలిచాడని చానళ్లు ప్రకటించాయి. నేను అప్పుడు వాషింగ్టన్‌లోనే ఉన్నాను. మొదట కార్ల హారన్లు, తర్వాత బాల్కనీల్లో గిన్నెల మోత. ఎనిమిది నెలలుగా ఎవరూ ఎవరి దగ్గరికీ పోని ఊరు ఒక్కసారిగా మాస్కులతో రోడ్డెక్కింది. ఆ రాత్రి విల్మింగ్టన్‌లో బైడెన్ ప్రసంగానికి చప్పట్లకు బదులు కార్ల హారన్లే, జనం కార్లలోంచి దిగకుండా విన్నారు మరి. మా వీధి చివర ఇంట్లో మాత్రం ట్రంప్ బోర్డు అలాగే ఉంది, కర్టెన్లు వేసి ఉన్నాయి. ఆ ఇంటావిడ కరోనా రోజుల్లో మాకు కూరగాయలు తెచ్చిపెట్టేది. ఆ ఇంటి ముందు నుంచి పోతున్నప్పుడు నేను గిన్నె కొట్టడం ఆపేశాను.

బెజవాడ_శీను
అందరికీ థాంక్స్. వచ్చే ఏడాది అన్నయ్య దగ్గరికి వర్జీనియా వస్తున్నాను. గ్యాలరీలో కూర్చుని చూడనిస్తారా? చప్పట్లు కొడితే ఏమవుతుంది?

ఫ్రిస్కో_పద్మజ
సభ నడుస్తున్నప్పుడు చూడాలంటే గ్యాలరీ పాస్ కావాలి. ఇక్కడివాళ్లు తమ సెనేటర్ ఆఫీసులోనో, ప్రతినిధి ఆఫీసులోనో తీసుకుంటారు. విదేశీ సందర్శకులైతే కాపిటల్ విజిటర్ సెంటర్‌లో హౌస్, సెనేట్ అపాయింట్‌మెంట్ డెస్కులు ఉంటాయి, పాస్‌పోర్ట్ తీసుకుని వెళ్లి అడగండి. ఫోన్, కెమెరా లోపలికి తీసుకుపోనివ్వరు. పైన కూర్చున్నవాళ్లు చప్పట్లు కొట్టకూడదు, గోల చేయకూడదు. హెచ్చరిస్తారు, వినకపోతే బయటికి పంపుతారు. స్టేట్ ఆఫ్ ది యూనియన్ రాత్రికి మాత్రం ఆశ పెట్టుకోకండి. సభ్యుడు ఒక్కొక్కరికీ ఒక అతిథి టికెట్టే.

ఓరుగల్లు_రాజు
ఒక్క టికెట్టేనా! మన దగ్గరైతే అది బామ్మర్దికి ఇవ్వాల్నా, సర్పంచ్‌కు ఇవ్వాల్నా అని ప్రసంగం అయిపోయేదాక పంచాయితీ నడుస్తది.